జిథర్ కింది పలక

జిథర్ వాద్యానికి తీగలుంటే చాలదు, కింద మంచి బల్ల ఉండాలి. పరుపు మీద పెడితే అది మూగదే. వాల్బుర్గా ఇంట్లో బల్ల పగిలినప్పటి నుంచి మరిది లాంబెర్ట్ సణుగుతూనే ఉన్నాడు. ఆదివారం లోయలో పెళ్ళి, నాట్యానికి వాయించాల్సింది అతనే. అన్న కొర్బీనియన్ బతికుంటే వీణ్ణెవరు పిలుస్తారని ఊరు అప్పటికే ఆడిపోసుకుంటోంది.

ఒక సాయంత్రం అతను మంచులో తడిసి వచ్చేసరికి కొత్త బల్ల సిద్ధంగా ఉంది. లాంబెర్ట్ బొటనవేలికి తీగలు మీటే ఉంగరం తొడుక్కుని వాయించాడు. గది నిండిపోయింది. ఇంత బాగా అతనెప్పుడూ వాయించలేదు. వాల్బుర్గా మాత్రం కాలు కాలిన పిల్లిలా పొయ్యికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది.

పాట అయిపోయింది. మంద్ర తీగలు ఆగలేదు...

"వదినా," అన్నాడు లాంబెర్ట్ గొంతు తగ్గించి. "నేను చెయ్యి తీసేశాను."

తీగలు కదులుతున్నాయి. పైన చెయ్యి లేదు. గదిలో తడిమట్టి వాసన.

"ఈ చెక్క ఎక్కడిది?"

ఆమె దాచలేకపోయింది. కొర్బీనియన్ శవాన్ని పడుకోబెట్టిన పలక అది. ఆనవాయితీ ప్రకారం దాని మీద అతని పేరు రాసి దారి పక్కన పాతారు. అది చివికి మట్టిలో కలిస్తేనే పోయినవాడికి విశ్రాంతి. వానలో నానుతున్న ఆ పేరును చూడలేక ఆమే పీక్కొచ్చి, పేరు కిందికి తిప్పి బల్లకు బిగించింది.

"నీ ప్రేమ తగలెయ్య! ఆయన్ని పోనివ్వవా?"

జిథర్‌ను పడకగదిలో ఈకల పరుపు మీద పెట్టి, పలక ఊడదీసి ఇద్దరూ మోసుకెళ్ళారు. పాత గుంటలోనే నిలబెట్టారు. వాల్బుర్గా ఆ పేరును చేత్తో తడిమింది. ఏడుపు ముంచుకొచ్చింది.

"వెళ్ళు, కొర్బీనియన్. నేనిక ఆపను."

గుండె తేలికపడింది. తిరిగి నాలుగడుగులు వేశారో లేదో...

ఇంట్లోంచి జిథర్.

"పరుపు మీద పెట్టానుగా," లాంబెర్ట్ గొణిగాడు. "ఇంత మోత ఎలా..."

తలుపు తీయగానే ఆగిపోయింది. పడకగదిలో తాజా చెక్క వాసన. జిథర్ కింద పొడవాటి పలక, ఇప్పుడే చిత్రిక పట్టినట్టు తెల్లగా. పేరు రాసే చోటు ఖాళీగా ఉంది.

పలక మంచంలో కొర్బీనియన్ పడుకునే వైపు లేదు. ఆమె వైపు ఉంది.