ఊదడం అమ్మ వంతు

పొద్దున్నే కాఫీ దగ్గరే తండ్రీకూతుళ్ళకు పేచీ మొదలైంది.

"నాన్నా, ఇవాళ నాతో ఆసుపత్రికి వస్తున్నావు. ఆ దగ్గు సంగతి తేలాలి" అంది కూతురు. ఊపిరితిత్తుల పరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం.

"రంపపు పొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి. నాకు పరీక్షేంటే?" అన్నాడు తండ్రి. పేరున్న వడ్రంగి. ఏదో ఒకటి తేల్చి కొట్టు మూయించేస్తారని ఆయన భయం.

"నేనూ తోడొస్తాను, పదండి" అంది తల్లి. దాంతో ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

పరీక్ష గదిలో కూతురు తండ్రి ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోటికి అందించింది. "గుండెల నిండా పీల్చి ఒక్కసారిగా ఊదెయ్. అయిపోయిందనిపించినా ఆపకు." తెర మీద గీత నిటారుగా లేచింది. ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయి, ఆ దగ్గంతా గొంతులోదే.

"చూశావా, కొలిమి తిత్తులు" అని మీసం దువ్వి, భార్య వైపు తిరిగాడాయన. "నువ్వూ ఊదవే, సరదాగా."

వద్దంటూనే కూర్చుందామె. గీత సగం దాకా కూడా లేవలేదు. ఎన్నిసార్లు ఊదించినా అంతే. ఊదిన గాలిలో ముప్పాతిక వంతు దాకా మొదటి సెకనులోనే బయటకు రావాలి. అమ్మకు సగమైనా రావడం లేదు.

"ఎప్పటినుంచమ్మా ఈ ఆయాసం?"

"వయసు కాదూ."

"ఊరందరి ఊపిరీ కొలిచేదాన్ని, నా దగ్గరే దాస్తావా?"

"చెబితే మీ నాన్న కొట్టు మూసేస్తారు. పని లేకపోతే ఆయన మనిషి కారు."

"నీ ఆయాసానికీ కొట్టుకీ సంబంధమేంటే?" అన్నాడాయన.

కూతురే చెప్పింది. "నా పోరు పడలేక నువ్వు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావు నాన్నా. నీ చొక్కాలకు పట్టిన పొట్టు దులిపేది అమ్మ. ఇల్లు పాడవుతుందని స్నానాలగది తలుపేసుకుని మరీ దులుపుతుంది. నేనూ నీ దగ్గునే విన్నాను గానీ అమ్మ ఆయాసాన్ని పట్టించుకోలేదు."

"ఇవాళే మూసేస్తాను" అన్నాడాయన.

"అదిగో, అందుకే చెప్పలేదు" అంది తల్లి.

మందు పీలిస్తే చాలావరకు తెరిపిన పడుతుందనీ, దుమ్ము మాత్రం ఆమె దగ్గరికి రాకూడదనీ డాక్టరు చెప్పాడు.

సాయంత్రం గుమ్మంలో ఆయన తడి తలతో, బనీనుతో నిలబడ్డాడు. చేతిలో ఉతికిన చొక్కా నీళ్ళు కారుతోంది.

"ఏంటీ అవతారం?"

"కొట్టు దగ్గరే కడిగేసుకొచ్చాను. ఇక రోజూ ఇంతే."

"పిండటం కూడా రాదు. ఇలా ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. "ఈమధ్య నువ్వు నన్ను తిట్టడం తగ్గించావు. నా మీద మనసు మెత్తబడిందనుకుని మురిసిపోయానే. ఊపిరి చాలక మానేశావని తెలియలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆ మందేదో పని చెయ్యనివ్వండి. బాకీ లేకుండా తిడతాను."