మాయమైన కంచు హంస

ఆ అమ్మాయి డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చి, కూర్చోమనకముందే ఏడ్చేసింది. శిథిలమైన పాత రాజమందిరాన్ని కంప్యూటర్‌లో మళ్లీ నిలబెట్టే పని ఆమెది. వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ కళ్లకు తగిలించుకుంటే చాలు, కూలిన స్తంభాలన్నీ లేచి నిలబడతాయి.

"మందిరంలో దొరికిన కంచు హంస పోయిందండీ. గదిలో దానితో ఒంటరిగా ఉన్నది నేనేనట. సాయంత్రంలోగా తేకపోతే పోలీసులకి అప్పజెబుతానన్నారు మా స్టూడియో డైరెక్టరుగారు. దొంగని ముద్ర పడితే నాకింకెవరు పనిస్తారు?"

డిటెక్టివ్ లేచి చెప్పులేసుకుంది. ఆమె అసిస్టెంటు, స్వయానా మరిది, అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. వదిన తెలివిమీద అతనికున్నంత నమ్మకం ఆవిడకే లేదు.

స్టూడియోలో డిటెక్టివ్ ముందు హెడ్‌సెట్ పెట్టుకుని మందిరమంతా తిరిగింది. ఆ కంప్యూటర్ మందిరం గూట్లో హంస ధగధగలాడుతోంది.

"దీనికోసం తీసిన ఫొటోల్లోనూ హంస ఇలాగే మెరిసిందా?"

"లేదండీ," అంది అమ్మాయి. "మెరుపుంటే కెమెరా తికమకపడుతుంది. కెమెరామన్ తెల్లపొడి పూసి తీస్తాడు. రంగూ మెరుపూ తర్వాత నేను వేస్తాను."

కెమెరామన్‌ని పిలిపించారు. "ఫొటోలవగానే ఫోనొచ్చింది, హడావిడిగా వెళ్లిపోయానండీ," అన్నాడతను.

డైరెక్టరు ముఖం ముటముటలాడుతోంది. "ఈ అమ్మాయి వెళ్లాక బల్ల సర్ది తాళం వేసింది నేనే. అప్పటికే హంస లేదు."

"బల్లమీద ఏమేం సర్దారు?"

"పిల్లలు తడిమి చూడ్డానికి అచ్చు అలాగే పోయించిన ప్లాస్టర్ హంసలు. అతిథులొచ్చే వేళ చిందరవందరగా ఉంటే పరువు పోదూ? అన్నీ ట్రేలోకి తోసి బీరువాలో పెట్టేశాను."

డిటెక్టివ్ నవ్వి, అందరినీ బీరువా ముందుకు పిలిచింది. ట్రేలో అన్నీ తెల్లటి హంసలే. ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ, బరువైనదాన్ని బల్లమీద పెట్టి మెత్తటి గుడ్డతో రెక్క తుడిచింది. కంచు బయటపడింది.

"అందరూ మెరిసేదాన్ని వెతికారు. కెమెరామన్ పొడి తుడవకుండా వెళ్లాడు. డైరెక్టరుగారు తెల్లగా ఉన్నదల్లా ప్లాస్టరే అనుకున్నారు. చేత్తో ఎత్తి ఉంటే బరువు తెలిసేది, తోసేశారు కదా! దొంగతనమే జరగలేదు."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది!" అన్నాడు మరిది. వదినకేసి చూసిన చూపులో గర్వం పొంగిపొర్లింది.

డైరెక్టరు చేతులు జోడించాడు. "నలుగురిలో నిన్ను దొంగన్నాను తల్లీ. ఆ నలుగురి ముందే చెబుతున్నా, తప్పు నాది."

"హమ్మయ్య!" అంటూ ఆ అమ్మాయి నేలమీదే చతికిలబడింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ఇంటికి ఫోన్ చేసింది. తీరా వాళ్లమ్మ పలికేసరికి మళ్లీ ఏడ్చేసింది. ఫోను డిటెక్టివ్ చేతిలో పెట్టింది.

"మీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదండీ," అంది డిటెక్టివ్.