చెయ్యి పట్టుకునే బాత్రూము

ముందుది వెనక, వెనకది ముందు చెప్తానేమో... ఈ మధ్య అన్నీ కలిసిపోతున్నాయి. విన్నది విన్నట్టు చెప్పడానికి చూస్తాను.

తిరుచానూరులో గోవిందయ్య ఇంటి వెనక వాటాకు చెడ్డపేరుంది. వాటాకు కాదు — దాని బాత్రూముకు. పొద్దుగూకినాక లోపలికి పోతే ఎవరో మణికట్టు పట్టుకుంటారట. ఒకామె తడిబట్టలతోనే బయటికి పరిగెత్తి, తెల్లారకముందే సామాను ఆటోకెత్తించింది. తర్వాత వచ్చినవాళ్ళూ నిలవలేదు.

కొత్తగా దిగిన కృపామణి ఇదంతా విని నవ్వింది. మొగుడికి లాడ్జిలో పని, చిన్నపిల్ల నిస్సీ, అద్దె తక్కువ.

"ప్రార్థన చేసుకునే ఇంట్లో దెయ్యానికేం పని?" అంది. కూతురికీ అదే నేర్పింది — దెయ్యాల్లేవు, భయపడకూడదు.

గీజరు వేసి కొళాయి ముట్టుకుంటే మాత్రం అప్పుడప్పుడు చెయ్యి జిల్లుమనేది. గోవిందయ్యకు చెప్తే, "గీజరు వాడేది మీరు, బాగు చేయించుకోవాల్సిందీ మీరే" అన్నాడు. స్తంభం దగ్గరికొచ్చిన కరెంటాయన, "మీటరు దాటినాంక మాది కాదమ్మా" అన్నాడు. మొగుడేమో — "మన సొంతిల్లా ఏమన్నానా?"

ఆ రోజు దీపాలు పెట్టే వేళ, వాన వెలిసింది. కృపామణి ఇనుప తలుపు గడియ వేసుకుని, నీళ్ళు పోసుకుని, మళ్ళీ కొళాయి మీద చెయ్యి వేసింది...

పట్టుకుంది.

మణికట్టు దగ్గర — గట్టిగా. అరవబోతే నోరు పెగల్లేదు. విదిలించుకుని గడియ అందుకోబోయింది. అదీ పట్టింది. గోడకేసి విసిరింది.

ఒక్క క్షణం ఆమె కూడా నమ్మింది.

అప్పుడొచ్చింది రబ్బరు కాలిన వాసన. పైన పాత గీజరు మూతి దగ్గర నీలంగా చిటపట... దెయ్యం కాదు, కరెంటు! గీజరు నుంచి పైపుకు, పైపు నుంచి తలుపుకు. స్విచ్చి చూస్తే బయట. కిటికీ లేదు. ప్లాస్టిక్ స్టూలెక్కి, ఏదీ తగలకుండా చేతులు ఒంటికి అదుముకుని నిలబడింది.

బయట వాననీళ్ళలో చిన్న పాదాల చప్పుడు. తప్... తప్...

"అమ్మా, ఆకలేస్తాంది."

"నిస్సీ! తలుపు ముట్టొద్దు!"

"ఇరుక్కున్నాదా? నేను తోస్తా."

"వద్దు! కరెంటు కొడతాది!"

"అబద్ధం. దాక్కున్నావు నువ్వు." పిల్ల కిసుక్కున నవ్వింది. పాదాలు ఇంకా దగ్గరికి...

కృపామణి కళ్ళు మూసుకుంది. గుసగుసగా అంది —

"నిస్సీ... ఈడ దెయ్యముండాది. నా చెయ్యి పట్టుకోనుండాది."

చప్పుడు ఆగిపోయింది.

"దెయ్యాల్లేవని నువ్వే కదమ్మా..."

"ఉండాది. తలుపు ముట్టినోళ్ళను పట్టుకుంటాది. పరిగెత్తు! తాతను పిల్చుకోనిరా!"

కెవ్వుమని కేక. పాదాలు దూరమైపోయాయి.

గోవిందయ్య వేపమండతో వచ్చాడు. "ఎవరే నువ్వు? ఏం కావాల నీకు?" అని తలుపునే గద్దించాడు.

"నేనే అయ్యా! ముందు ఆ గీజరు స్విచ్చి ఆపండి!"

స్విచ్చి టక్కుమంది. కృపామణి గుడ్డ చుట్టుకుని, గడియ తీసి బయటపడింది. కూతుర్ని వాటేసుకోబోతే పిల్ల దగ్గరికి రాలేదు. తల్లి మణికట్టు వైపే చూస్తూ నిలబడింది.

"కరెంటును భూమిలోకి దింపే ఎర్తు గుంత ఉంటాది గదా అయ్యా. ఈ ఇంటికి యాడుండాది?"

గోవిందయ్య వేపమండ జారవిడిచాడు. "ఉండె. నైరుతిలో గుంత ఇంటికి చేటన్నాడు వాస్తు చెప్పే ఆయన. పైపు పీకించి, సిమెంటుతో పూడిపించినా."

"ఎప్పుడు?"

"ఈ దెయ్యం రాకముందు..." అని ఆగాడు. గొంతు తగ్గించాడు. "నేనొకణ్ణేనా తల్లీ? ఈ వీధిలో అందరమూ ఆయన్నే కదా పిలిపించుకునింది."

కృపామణి తల తిప్పింది. వీధి పొడుగునా ఇళ్ళ వెనక బాత్రూము లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి...

మనవరాలా, కోమలీ, పేర్లు ఒకసారి సరిచూడమ్మా. ఆయన గోవిందయ్యో, గంగాధరమో... మీరు మొన్న దిగిన ఇల్లు ఆ వీధిలోనే కదా?