నెర్రె మీద అద్దం

తిరుపతిలో డిటెక్టివ్ కుప్పయ్య ఆఫీసు తలుపు ఇంకా పూర్తిగా తెరవనేలేదు, ఆయిషా బీ సుడిగాలిలా లోపలికి వచ్చిపడింది. నగరికి అవతల అలమేలుపురంలో, మునిసిపాలిటీ వాళ్ల పాత చావడిలో, ముప్పై ఏళ్లుగా మగ్గాల సామాన్లు బాగుచేసే కొట్టు ఆమెది.

"మూడు గంటలకు మీటింగన్నా. చావడి పడగొట్టేదానికి తీర్మానం రాస్తారంట. నా కొట్టు పోతే నేను యాడికి పోవాల?"

అసిస్టెంటు నిలోఫర్ మంచినీళ్లిచ్చి మిగతాది రాబట్టింది. వందేళ్ల చావడి గోడ నెర్రె ఇచ్చింది. అది పెరుగుతోందో లేదో తేల్చడానికి ఇంజనీరు రేవతి మూడు నెలల క్రితం నెర్రెకు అడ్డంగా ఒక అద్దం ముక్క అతికించింది. గోడ కదిలితే అద్దం పగులుతుంది. పగిలితే కూల్చివేత, పగలకపోతే మరమ్మతు అని చైర్‌పర్సన్ ప్రసూనాంబ ముందే చెప్పేసింది. రాత్రి తాళం వేసేదాకా నిక్షేపంగా ఉన్న అద్దం, పొద్దున ఏడింటికి ఆయిషా బీ కొట్టు తీసేసరికి పగిలి ఉంది.

కుప్పయ్య మొహం పండగ చేసుకుంది. "కారు తియ్యి పాపా."

పదకొండుకల్లా ఇద్దరూ గోడ ముందున్నారు. మీటింగుకు చైర్‌పర్సన్ చావడికే వస్తుందంటే సున్నం కొట్టకుండా ఉంటారా? నిన్న సాయంత్రమే గోడకీ, నెర్రెకీ, అద్దానికీ, స్విచ్చిబోర్డుకీ, దాని మీదున్న బల్లికీ కలిపి కొట్టేశారు. అద్దం తల ఎత్తుకు పైన ఉంది. కుప్పయ్య స్టూలెక్కి, నెర్రె మీది సున్నం పొరను పైనుంచి కిందకు భూతద్దంతో చూసి, ఈల వేశాడు. తనూ చూద్దామని సాగిన నిలోఫర్ నల్ల బురఖా భుజం తెల్లబడింది. నీకూ వెల్ల వేసేశారే అని ఆయన ఏడిపించాడు.

చావడి తాళాలు ముగ్గురి దగ్గరున్నాయి. ముగ్గురూ పొద్దున ఆరింటికే వచ్చి, ఇంటికి పోకుండా మీటింగు పనుల్లోనే ఉన్నారు. వాచ్‌మన్ గుణశేఖర్ ఖాకీ బట్టల్లో నిలబడి, ఆరింటికి చూసినప్పుడు అద్దం బాగానే ఉందని, తర్వాత టీకి పోయి వచ్చానని అన్నాడు. ముదురు నీలం చీరలో రేవతి, గోడ కదలదని తన లెక్క అని మెల్లగా చెప్పింది. గంజి పెట్టిన తెల్లచొక్కాలో మెరిసిపోతున్న వైస్ చైర్మన్ ఢిల్లీబాబు మాత్రం నవ్వేశాడు.

"నేనా? నేను ఆ గోడ పక్కకు పోయి నెలయిందప్పా."

మూడింటికి చావడి హాలు నిండింది. కుప్పయ్య ఇత్తడి చెంబుతో, వేపమండతో ప్రత్యక్షమయ్యాడు. మంచిపనికి ముందు పసుపునీళ్లు చల్లాలంటూ అందరి మీదా చల్లుకుంటూ పోయాడు. ప్రసూనాంబ నవ్వింది. గుణశేఖర్ తప్పుకున్నాడు. రేవతి చీర తడిసింది, అంతే.

ఢిల్లీబాబు తెల్లచొక్కా కుడి భుజం, చేతి అంచు ఎర్రగా పూశాయి.



"సున్నానికి పసుపు తగిలితే ఎరుపే కదా," అన్నాడు కుప్పయ్య. "గోడ కదిలుంటే నెర్రె మీద సున్నం పొర కూడా చీలాల. అద్దానికి పైనా కిందా అది వెంట్రుకంత కూడా చీలలా. అంటే అద్దాన్ని మనిషే పగలగొట్టినాడు. అంత పైకి చెయ్యి సాచినోడికి భుజాన సున్నం అంటుకోవాల్సిందే. మా పాపకు అంటినట్టు. ఖాకీ మీదయినా, నీలం చీర మీదయినా అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కనపడలా. దాక్కునేది తెల్లచొక్కా మీదే. అయ్యా, నెల్లాళ్లుగా పోని గోడ మీ భుజం మీదికి ఎట్ల వచ్చింది?"

ఢిల్లీబాబు చెయ్యి అడ్డం పెట్టి భుజం దాచుకున్నాడు. ఆ స్థలంలో తన బావమరిది కాంప్లెక్సు కట్టాలని ఆశపడ్డాడని గొణిగాడు. ప్రసూనాంబ అతణ్ని బయటకు పంపి, పోలీసులకు కబురు చేయించి, మరమ్మతుకు చేతులెత్తమంది. అన్ని చేతులూ లేచాయి.

పొద్దుటి నుంచి ఏడుస్తున్న ఆయిషా బీ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

"రిపేరన్నారు, సంతోషం మేడం. నా కొట్టు పైన వాన కారతా ఉండాది. మొదలుపెట్టేది ఆడనే కదా?"