మార్సీ కొనిచ్చిన కాయిన్

డబ్బీ ఉంది. కాయిన్ లేదు.

శుక్రవారం ఉదయం. విల్లో క్రాసింగ్ వృద్ధాశ్రమం, నాలుగో నంబరు గది. మంచం మీద ఒరెస్ట్ మెల్నిక్ బిగుసుకుపోయి కూర్చున్నాడు. నలభై చలికాలాలు ఊరి ఐస్ హాకీ రింక్‌లో ఆటకి ఐస్ పరిచిన మనిషి. ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు.

"ఏం పోయింది సార్?" పోలీసు కార్పొరల్ లోర్నా అడిగింది.

"మార్సీ కొనిచ్చిన కాయిన్."

అది ఊరంతా ఎరిగిన కాయినే. మన అమ్మాయిల జాతీయ జట్టు ఐస్ హాకీలో బంగారం గెలిచిన ఏడాది వేసిన వెండి కాయిన్. మార్సీ ఆయన ఒక్కగానొక్క కూతురు, ఊరి జట్టుకి గోల్‌కీపర్. దాచుకున్న డబ్బుతో తండ్రికి కొనిచ్చింది. మరుసటి చలికాలం హైవే మీద యాక్సిడెంట్‌లో పోయింది.

"ఎవరు తీశారు?"

ముసలాయన వేలు గుమ్మం వైపు చూపించింది. అక్కడ రోవెనా నిలబడి ఉంది. మనీలా నుంచి వచ్చిన ఆయా. రెండేళ్లుగా ఆయనకి స్నానం, అన్నం అన్నీ ఆమే.

"నేను తియ్యలేదు మేడమ్," అంది.

మేనేజర్ గ్లెన్ లోర్నాని పక్కకి పిలిచాడు. "కాయిన్ ఉండే సొరుగుకి తాళంచెవులు రెండే, ఒకటి ఆయన దగ్గర, ఒకటి ఆమె దగ్గర. సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత పంపించెయ్యడమే."

"ఆమె వర్క్ పర్మిట్ మీ పేరు మీదే ఉంది కదా. ఈ ఉద్యోగం పోతే ఎక్కడికి పోతుంది?"

"నేనేం చెయ్యను చెప్పు?"

పాపం, ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఈ దేశంలో ఇలాంటివన్నీ ఎంత మర్యాదగా జరిగిపోతాయో.

లోర్నా డబ్బీ చేతిలోకి తీసుకుంది. మందపాటి ప్లాస్టిక్. పగల్లేదు. జాగ్రత్తగా విప్పి, మళ్లీ మూసి పెట్టారు.

"నిన్న ఈయన బయటికి వెళ్లారా?"

"గురువారం కదా, వ్యాన్‌లో రింక్‌కి తీసుకెళ్లారు," అంది రోవెనా. "ప్రాక్టీస్ చూడ్డానికి. వచ్చేసరికి కుడి చేతి తొడుగు తడిసిపోయి ఉంది. హీటర్ మీద ఆరేశాను."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

రింక్‌లో ఇప్పుడు ఐస్ చూసేది ఎల్డన్. ఒరెస్ట్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఎల్డన్ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరింట్లో బోర్ష్ సూప్ మాడినా మధ్యాహ్నానికల్లా ఊరంతా చాటేస్తాడు.

"ఒరెస్ట్ గారి కాయిన్ పోయింది, విన్నావా?" రింక్‌కి వెళ్లి లోర్నా అడిగింది.

"విన్నా." ఎల్డన్ ఐస్ మెషిన్ తుడవసాగాడు.

"నింద రోవెనా మీద పడింది."

"ఊఁ."

"అంతేనా? నువ్వేమీ అనవా?"

"ఆదివారం మన ఊరి అమ్మాయిల ఫైనల్ ఉంది లోర్నా. పనుంది నాకు."

లోర్నా అక్కడే నిలబడిపోయింది. ఎల్డన్ రెండు ముక్కలతో సరిపెట్టాడంటే ఊళ్లో ఏదో మునిగిపోయినట్టే. ఆమె చూపు రింక్ నడిమధ్య, ఆట మొదలుపెట్టే నీలం చుక్క మీదికి వెళ్లింది.

శనివారం అందరినీ రింక్‌కి పిలిచింది. గ్లెన్, రోవెనా, ఎల్డన్. చక్రాల కుర్చీలో ఒరెస్ట్. నీలం చుక్క దగ్గర కుర్చీ ఆపింది.

"దొంగ డబ్బీ ఎందుకు వదిలేస్తాడు?" లోర్నా మొదలుపెట్టింది. "డబ్బీ లేకపోతే కాయిన్‌కి గీతలు పడతాయి, సగం ధర రాదు. కాబట్టి తీసింది అమ్ముకోడానికి కాదు. డబ్బీ పట్టని చోట పెట్టడానికి. మన ఐస్ మందం ఎంత ఎల్డన్?"

ఎల్డన్ నేల చూపులు చూశాడు. "రెండు వేళ్లు కూడా ఉండదు."

గ్లెన్‌కి అర్థమైంది. ఐస్ హాకీ అంటే ప్రాణమిచ్చే ఈ దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. పెద్ద ఆటకి ముందు రింక్ నడిమధ్య ఐస్ కింద కాయిన్ పాతిపెడతారు, అదృష్టం కోసం. ఆట అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు. చెప్తే అదృష్టం పోతుంది.

"ఆయనే తెచ్చాడు," అన్నాడు ఎల్డన్. "మన అమ్మాయిల ఫైనల్ కదా, మార్సీ కాయిన్ పెట్టమన్నాడు. నేను చిన్న గుంట తవ్వా, నీళ్లు ఆయనే తన కుడి చేత్తో పోశాడు, పైన మళ్లీ నీలం రంగు వేశా. చెప్పనని ఒట్టేయించుకున్నాడు. మూడ్రోజులే కదా, ఆదివారం సాయంత్రం చెప్పేద్దామనుకున్నా."

"మూడు రోజుల్లో ఆ పిల్ల బతుకు ఏమవుతుందో అనుకోలేదా?" అంది లోర్నా.

"ఏదీ, తీసి చూపించు," అన్నాడు గ్లెన్.

"కుదరదు. కాయిన్ ఇప్పుడు ఐస్‌లో అతుక్కుపోయింది, దాని కిందే ఐస్‌ని గడ్డకట్టించే పైపులున్నాయి. ఉలి తగిలిందంటే సీజన్ అయిపోయినట్టే. ఏప్రిల్‌లో ఐస్ కరిగించినప్పుడు వస్తుంది."

ఒరెస్ట్ కుర్చీలోంచి వంగాడు. చేతి తొడుగు తీసేసి, నీలం చుక్క మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"వేణ్ణీళ్లే పోశాం కదా ఎల్డన్?"

"వేణ్ణీళ్లే మాస్టారూ."

"అయితే బాగా పట్టుకుంటుంది." తలెత్తి రోవెనాని చూశాడు. "ఇక్కడ మా మార్సీ కాయిన్ ఉందమ్మా. ఆట అయ్యేదాకా ఎవరికీ చెప్పకు."

రోవెనా ఏడ్చింది. గ్లెన్ ఆమెని సోమవారం డ్యూటీకి రమ్మన్నాడు.

ఆదివారం మన అమ్మాయిలు మూడు రెండు స్కోరుతో ఓడిపోయారు.

సోమవారం పొద్దున్నే స్టేషన్ ఫోన్ మోగింది. లోర్నా వెళ్లేసరికి గది తలుపు లోపల్నుంచి కుర్చీ అడ్డం పెట్టి ఉంది. బయట రోవెనా. చేతిలో బోర్ష్ గిన్నె, ఆవిరి రావడం మానేసింది.

"నన్ను లోపలికి రానివ్వట్లేదు మేడమ్. దొంగ అంటున్నారు. రింక్ సంగతి మూడుసార్లు చెప్పాను. నమ్మి, తల ఊపి, పది నిమిషాలకి మళ్లీ అదే."

"కాయిన్ దొరికితే నమ్ముతారేమో."

"ఏప్రిల్‌లో కదా దొరికేది."

లోర్నా దగ్గర దీనికి సెక్షన్ లేదు. నేరం లేదు, దొంగ లేడు, నిర్దోషి మాత్రం గుమ్మం బయట నిలబడి ఉంది.

తలుపు తట్టింది. "పోలీసునండీ. లోర్నాని."

కుర్చీ జరిగింది. ముసలాయన ఖాళీ డబ్బీ గుండెకి హత్తుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు భయంగా ఆమె భుజం మీదుగా రోవెనానే చూస్తున్నాయి.

లోర్నా టోపీ తీసి మంచం అంచున కూర్చుంది.

"చెప్పండి సార్," అంది. "ఏం పోయింది?"