మాటకారికి పది నిమిషాలు

కజూబి మాట్లాడటం మొదలుపెడితే పొయ్యి మీద అరటికాయల మటోకే ఉడికి, చల్లారి, మళ్ళీ వేడి చెయ్యాల్సి వస్తుందని మా మసాకా వైపు ఒక నానుడి పుట్టింది.

పుట్టించింది ఎవరో కాదు, నబ్బోసా. అప్పటికి ఆ పిల్ల అతనితో ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగదు.

మా దగ్గర పిల్లనడగడానికి వెళ్ళినప్పుడు పెళ్ళికొడుకు నోరు విప్పడు. తన వాళ్ళ మధ్య బుద్ధిగా కూర్చుంటాడు. అతని తరఫున మాట్లాడటానికి ఒక మాటకారిని వెంట తీసుకెళ్తారు. కజూబి తండ్రి అలాంటి పేరుమోసిన మాటకారి. గొంతు పాడై ఆయన ఇంట్లో కూర్చున్నాక మాటకారి పట్టుకునే చేతికర్ర కొడుక్కి వచ్చింది. కర్ర వచ్చింది గానీ, ఎక్కడ ఆపాలో తెలిసే తెలివి దాని వెంట రాలేదు.

కిందటి వానల్లో ఒక ఇంట అతనింకా పెళ్ళికొడుకు ముత్తాత గొప్పతనం దగ్గరే ఉన్నాడు. ఇంతలో ఆకాశానికి చిల్లుపడింది. టెంటు ఒక పక్కకి ఒరిగింది. పెళ్ళికూతురి తండ్రి కుర్చీలోనే గురక పెట్టాడు. ముస్తాబై వచ్చిన ఆడవాళ్ళ తలలన్నీ తడిసిపోయాయి. అందులో నబ్బోసాది ఒకటి. పొద్దుటినుంచీ కదలకుండా కూర్చుని అల్లించుకున్న జడలు పాపం.

ఆ తర్వాత కజూబిని పిలిచినవాడు లేడు. చివరికి చిన్ననాటి స్నేహితుడు కయీరా వచ్చాడు.

"మా పెదనాన్న నీ పేరెత్తితే గొడుగు వెతుక్కుంటున్నాడ్రా" అన్నాడు కూర్చుంటూ. "అయినా నాకు నువ్వే మాట్లాడాలి. ప్రొస్కోవియా వాళ్ళు మాత్రం షరతు పెట్టారు. తొలి పలుకులకి పది నిమిషాలేనట. దాటితే అక్కడికక్కడే మాటకారిని మార్చుకోవాలట."

"పది నిమిషాలా? అందులో మా నాన్న గొంతు సవరించుకోవడం కూడా అయ్యేది కాదు."

"ఆయనే అన్నాడు, ఈసారి కూడా చెడితే కర్ర మీ చిన్నాన్న కొడుక్కి ఇచ్చేస్తానని."

కజూబి గోడకి ఆనించిన కర్ర వైపు చూశాడు.

మసాకాలో క్షణాలు లెక్కపెట్టి మాటలు రాసేది ఎఫ్ఎం స్టేషన్‌లోనే. మర్నాడు అతను, అక్కడ ఆ పని చేసేది నబ్బోసా అనే అమ్మాయని కనుక్కుని, మెట్లెక్కాడు. ప్రకటనలు రాసే గదిలో ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని పొట్లంలోంచి వేయించిన మిడతలు నములుతోంది.

"నబ్బోసాగారు కావాలండీ."

"నేనే. కూర్చోండి... వద్దు, నిలబడే చెప్పండి. మీరు కూర్చుంటే సాయంత్రమవుతుంది."

"మనం ఇంతకుముందు కలిశామా?"

"మీరు నన్ను చూళ్ళేదు. నా జడలు మాత్రం మీ మాటలూ విన్నాయి, ఆ వానలోనూ తడిశాయి."

కజూబి నేల చూశాడు. ఆమెకి కాస్త జాలేసిందేమో, పొట్లం ముందుకి జరిపింది.

"వద్దండీ."

"ఓహో. రేడియోవాళ్ళు పెడితే తినరా?"

"మాది మిడత గోత్రం. చుట్టాల్ని వేయించుకుని తినలేం కదండీ."

నవ్వొచ్చింది నబ్బోసాకి. అది అతనికి కనబడకుండా గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగింది.

అతను పది నిమిషాల షరతు సంగతి చెప్పాక, ఫోన్లో ఉన్న ప్రసంగం తెప్పించుకుని, పదాలు లెక్కపెట్టే సైటొకటి తెరిచి, అందులో కుమ్మరించింది. "ఇంగ్లీషువాళ్ళ సైటే. అయినా మన భాషనీ లెక్కపెడుతుంది. దానికి అర్థాలు రావు, అంకెలే వచ్చు."

తెర మీద అంకెలు పడ్డాయి. ఆమె ఈల వేసింది.

"నాలుగు వేల పదాలు దాటాయి. పైకి చదివితే అరగంట పైనేనంటోంది. అదీ ఎవరూ చప్పట్లు కొట్టకపోతే."

"కొడతారండీ."

"కొట్టరు. నిశ్చింతగా ఉండండి." ఆమె వేలు తెర మీద కిందికి జారింది. "ఎక్కువసార్లు వాడిన మాటలు ఇక్కడుంటాయి. మొదటిది, 'నిజం చెప్పాలంటే'. నలభై సార్లు. ఇన్నిసార్లు నిజం చెప్పాలంటే అన్నారంటే మిగతాదంతా అబద్ధమనేగా?"

"అది మా నాన్న ఊతపదమండీ. ఆయన అంటే జనం చెవులు నిక్కబొడుచుకునేవాళ్ళు."

"ఆ మాట అనేముందు ఆయన ఏం చేసేవారు?"

"ఆగేవారు."

"అదీ సంగతి. జనం చెవులు నిక్కబొడుచుకుంది ఆ ఆగినందుకు. మీరు ఆగడం వదిలేసి మాట ఒక్కటే తెచ్చుకున్నారు." మళ్ళీ తెర వైపు చూసింది. "అన్నిటికన్నా పొడుగు వాక్యం ఇదట. మసాకాలో బస్సెక్కి కంపాలాలో దిగింది. మధ్యలో మంచినీళ్ళకైనా ఆపలేదు."

అతను నవ్వేశాడు. తన తప్పుకి తనే అంత హాయిగా నవ్వే మగవాణ్ణి నబ్బోసా ఈ మధ్య చూడలేదు. అప్పుడు కుర్చీ చూపించింది.

ఆ రోజు నుంచి స్టేషన్ పని అయ్యాక అతను రావడం, ఆమె కోత పెట్టడం. కజూబి ప్రతి వాక్యం పైకి చదువుతాడు. ఊపిరి అందని చోట ఆమె బల్ల మీద తడుతుంది. అతను విరుస్తాడు. తెర మీద అంకె దిగుతుంది. అంకె దిగినప్పుడల్లా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, అప్పు తీరినవాళ్ళలా.

"ముత్తాతని ఉంచుదామా?"

"ఏం చేశాడు మీ కయీరా ముత్తాత?"

"కాఫీ తోట వేశాడు."

"ఆ ఒక్క ముక్క చెప్పు చాలు. చెట్టు చెట్టుకీ పేరు పెట్టకు."

ఎప్పుడో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఏ రోజు వచ్చిందో ఏ సైటూ చెప్పలేదు.

ఒక సాయంత్రం రేకుల కప్పు మీద వాన దంచికొట్టింది. ఇద్దరూ వసారాలో చిక్కుకుపోయారు. కజూబి గోడకి ఆనుకుని వాన చూస్తూ నిలబడ్డాడు.

"ఏం, మాటలైపోయాయా?"

"పొదుపు చేస్తున్నా."

ఆమె అతని వైపు ఒక చూపు చూసి, మళ్ళీ వాన వైపు తిరిగింది. "పొదుపు అన్నిచోట్లా పనికిరాదు."

ఆ మాట అతనికి అర్థమైంది. ఇంటికెళ్ళేసరికి అర్థం కాలేదనిపించింది. తెల్లారేసరికి, అడగాలనుకున్నది అడిగే ధైర్యం పోయింది. వందమంది ముందు ఇంకొకడి కోసం పిల్లనడిగే వాడికి తన కోసం ఒక్క పిల్లని అడగడానికి నోరు రాలేదు.

వేడుక ముందురోజు నబ్బోసా ప్రసంగం పంపించి, ఫోన్ చేసింది.

"తొమ్మిది నిమిషాలకి వచ్చింది. మళ్ళీ మళ్ళీ వచ్చిన వాక్యాల మీద పసుపు గుర్తులు పడ్డాయి, అవి తీసేశా. ఇక ఉన్నది ఉన్నట్టు చదువు. సొంత తెలివి వద్దు."

"రేపు వచ్చి వింటావా?"

"రేపు నాకు వేరే పని ఉంది" అంది. గొంతులో ఏదో దాచినట్టు.

ప్రొస్కోవియా వాళ్ళ ఇంటి ముందు రెండు టెంట్లు. ఒకదాని కింద అమ్మాయి తరఫు, ఎదురుగా తెల్లటి కాంజు అంగీల్లో కయీరా తరఫు. కయీరా పెదనాన్న నిజంగానే గొడుగు తెచ్చుకున్నాడు. ఆయన పక్కన కజూబి తండ్రి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

కజూబి లేచాడు. కాఫీ తోట వేసిన ముత్తాత గురించి ఒక్క మాట చెప్పాడు, ఆగాడు. జనం ముందుకి వంగారు. కయీరా గురించి రెండు మాటలు చెప్పాడు. నవ్వించాడు. కూర్చున్నాడు.

పెళ్ళికూతురి మేనత్త నాలోంగో అటువైపు పెద్ద. ఆవిడ గడియారం చూసుకుంది, ఆగిపోయిందేమోనని చేతిని విదిలించి మళ్ళీ చూసుకుంది. "అయిపోయిందా నాయనా? ఒంట్లో బాగుందా?"

టెంట్లు రెండూ నవ్వాయి. కజూబి తండ్రి కళ్ళు తెరిచాడు.

ఇక ఆడపిల్లల వరసలు. పెళ్ళికూతురి చెల్లెళ్ళు, స్నేహితురాళ్ళు ఒక్కో వరసగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని అతిథులకి దణ్ణం పెడతారు. ప్రతి వరసకీ మాటకారి "మేం వెతుకుతున్న పువ్వు ఇందులో లేదు" అని, కానుకలిచ్చి సాగనంపాలి. ఆ మాట అనకపోతే ఉన్నట్టే లెక్క. ఆ వరసతోనే సరి, పెళ్ళికూతురు లోపలే ఉండిపోతుంది.

మొదటి వరస వచ్చింది. కజూబి ఫోన్లో చూసి చదివాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. రెండో వరస వచ్చింది. ఫోన్లో చూస్తే ఆ వాక్యం లేదు. ఎన్నోసార్లు అన్నదే కదా అని నోటికొచ్చినట్టు అనేశాడు.

మూడో వరస వచ్చింది.

అందులో చివరి అమ్మాయి నీలం గోమెసి గౌను వేసుకుంది. జడలు కొత్తగా అల్లించుకుంది. చాప మీద మోకరిల్లి, తల వంచి, వంచిన తలతోనే ఒక్కసారి పైకి చూసింది.

నబ్బోసా.

కజూబి ఫోన్ చూశాడు. అక్కడ వాక్యం లేదు. నాలుక మీద వెతికాడు. అక్కడా లేదు. పువ్వు ఇందులో లేదని ఆ అమ్మాయి మొహం మీదే ఎలా చెప్తాడు?

కయీరా మెడ మీద చెమట పట్టింది. పెదనాన్న గొడుగు పిడి పట్టుకున్నాడు.

"ఏమయ్యా మాటకారీ" అంది నాలోంగో అత్త తీరిగ్గా. "నోరు మెదపవు. మౌనం అర్ధాంగీకారమంటారు. చాపలు చుట్టించమంటావా?"

లోపలి కిటికీ దగ్గర ఎవరో కెవ్వుమన్నారు. ప్రొస్కోవియాయే అయ్యుండాలి.

నబ్బోసా పెదాలు కదిలాయి. 'చెప్పు' అంటున్నాయి. 'చెప్పెయ్యి.' అలా అంటూనే ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి.

కజూబి కర్ర నేల మీద ఆనించాడు. ఊపిరి తీసుకున్నాడు. "మా కయీరా వెతుకుతున్న పువ్వు..." ఆగాడు, "ఈ వరసలో లేదమ్మా."

హమ్మయ్య అన్నట్టు కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. నాలోంగో అత్త మాత్రం చెయ్యెత్తింది.

"ఉండండి. ఇందాకటి రెండు వరసలకీ 'మేం' వెతుకుతున్న పువ్వన్నాడు. ఈ వరస వచ్చేసరికి కయీరా ఒక్కడే వెతుకుతున్నాడా? నువ్వు మానేశావా నాయనా?"

కజూబి చెవులు వేడెక్కాయి. "నా వెతుకులాట మరో రోజు పెట్టుకుంటానండీ. ఇవాళ వాడిది."

నవ్వులు గుప్పుమన్నాయి. అత్త నవ్వలేదు.

"గోత్రం?"

"మిడత."

"మా నబ్బోసాది చేప. చిక్కు లేదు. మిడతలు తినవన్నమాట. పోనీలే, మా పిల్లకి పొట్లం మొత్తం మిగులుతుంది." అప్పుడు నవ్వింది. "మాటలు తడబడినందుకు ఒక క్రేటు సోడా జరిమానా. ఆ మరో రోజు వచ్చేటప్పుడు తీసుకురా. లేవండే పిల్లలూ."

ఆ వెనక వరసలో ప్రొస్కోవియా వచ్చింది. పెళ్ళికొడుకు ఇతనేనని అత్త కయీరాని చెయ్యి పట్టుకుని గుంపులోంచి బయటికి లాగింది. అందరూ కూర్చుని భోంచేశారు. వాన ఇంకా రాలేదు.

"గొడుగు మోసుకొచ్చి దండగైంది" అన్నాడు పెదనాన్న, కజూబి వీపు తట్టి.

తండ్రి దగ్గరికి వెళ్ళి కజూబి కర్ర చాచాడు. ఆయన దాన్ని వెనక్కి నెట్టాడు. బొంగురు గొంతుతో, "నీ దగ్గరే ఉండనీ. ఆగడం వచ్చింది నీకు" అన్నాడు.

కజూబి గుండెల మీద ఎన్నాళ్ళనుంచో కూర్చున్న రాయి దిగింది. పళ్ళెం తీసుకుని, వంటల పందిరి వెనకాల బల్ల మీద ఒక్కత్తే కూర్చున్న నబ్బోసా దగ్గరికి నడిచాడు.

"ప్రొస్కోవియా మీ బంధువని చెప్పలేదేం?"

"మా పెదనాన్న కూతురు. మీ వైపు మాటకారికి నేను సాయం చేశానని తెలిస్తే మావాళ్ళు నా తోలు తీస్తారు." పళ్ళెంలోకి చూస్తూ అంది. "ఆ వాక్యాలు నేనే తీసేశా. ఒకటే వాక్యం మూడుసార్లుందని పసుపు గుర్తు పడింది. మళ్ళీ మళ్ళీ అనాల్సిన మాటలు కొన్ని ఉంటాయని ఆ సైటుకి తెలీదు. నాకు తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు."

"ఆగకపోవడం నా జబ్బు. నీకంటుకుందా?"

"ఇంకోటి కూడా ఉంది. పది నిమిషాల షరతు అత్త చేత పెట్టించింది నేనే. జడల కోసం."

కజూబి పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె జరగలేదు.

"నిజం చెప్పాలంటే..." అని ఆగిపోయాడు.

"ఆగావేం?"

"కోసేస్తావేమోనని."

"కొయ్యను. ఇవాళ లెక్క లేదు. ముత్తాతతో మొదలుపెట్టినా వింటా."

అతను మొదలుపెట్టాడు. రేకుల మీద తొలి చినుకులు పడ్డాయి. ఆమె కొత్త జడల మీద తన అంగవస్త్రం కప్పాడు, మాట్లాడుతూనే. వాన పెరిగింది, మాట పెరిగింది. పళ్ళాల్లో మటోకే చల్లారిపోయింది.

వేడి చెయ్యమని నబ్బోసా ఎవరినీ అడగలేదు.