మూల ఇంటి వంటిల్లు

గులాబీ రిబ్బన్లు కట్టిన కర్రలు పచ్చికలో పాతి మునిసిపాలిటీ వాళ్ళు వెళ్ళిపోయిన రోజున వెర్లిన్ కాఫీ సగంలో వదిలేశాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో అతను కాఫీ వదిలేయడం ఆర్డిస్ ఎన్నడూ చూడలేదు.

వీధంతా తవ్వి కొత్త రోడ్డు వేస్తారట. ఖర్చులో కొంత ఆ వీధివాళ్ళ నెత్తినే పడుతుంది. ఇంటి ముందు రోడ్డు ఎంత పొడవుంటే అంత వాటా. వీళ్ళది మూల ఇల్లు కాబట్టి రెండు పక్కలా కొలుస్తారు.

"మూల స్థలమైతే గాలి బాగా వస్తుందని మా నాన్న ఏరికోరి కొన్నాడు," అన్నాడు వెర్లిన్ నీరసంగా.

గాలికేం, కిటికీ సందుల్లోంచి బ్రహ్మాండంగా వస్తోంది, అనుకుంది ఆర్డిస్. పైకి మాత్రం "అవును" అంది.

పైకి అనకపోవడం మా మిన్నెసోటా వాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఎవరైనా ఏదైనా చేస్తామంటే మొదటిసారి వద్దనాలి, రెండోసారి మీకెందుకు శ్రమ అనాలి, మూడోసారి అడిగితేనే సరే అనాలి. అందుకే చర్చి కింది హాల్లో పళ్ళెంలో మిగిలిన ఆఖరి కేకు ముక్క సగమవుతుంది, ఆ సగం మళ్ళీ సగమవుతుంది, పూర్తిగా మాత్రం ఎవరూ తీసుకోరు. వెర్లిన్‌తో వచ్చిన చిక్కల్లా అతను రెండుసార్లే అడుగుతాడు. "వంటింట్లో బిగుసుకుపోతున్న ఆ సొరుగు చూడనా?" అంటాడు. పర్లేదులే అంటుంది ఆర్డిస్. "నిజంగానా?" అంటాడు. నీకెందుకు శ్రమ అంటుంది. అంతే, పేపరు తీసుకుంటాడు! ఆ వంటింట్లో కుళాయి విప్పి ఆమె ఎంత ఏడ్చిందో... ఈ మనిషికి నేనూ కనపడను, నా వంటిల్లూ కనపడదు అని ఎంత కుమిలిపోయిందో... రెండోసారికే ఆగిపోయే మొగుడితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ సాయంత్రం ఎదురింటి నుంచి ఆడపడుచు లవోన్ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు పట్టుకుని వచ్చింది.

"ఏమే ఆర్డిస్, కొత్త రోడ్డు వస్తే ఇంటి విలువ పెరుగుతుందని వాళ్ళ వాదన. రోడ్డు వేసినా విలువ పెరగనంత అధ్వాన్నంగా మన ఇల్లు ఉందని మునిసిపాలిటీ పెట్టే సభలో చెప్పుకోవాలి. పక్క వీధిలో అలా చెప్పుకున్నవాళ్ళకే వాటా తగ్గించారట."

"వదినా, చర్చి ఆడవాళ్ళందరూ వస్తారు. వాళ్ళ ముందు నా ఇంటిని నేనే తిట్టుకోనా?"

"నువ్వెందుకే, మా వాడు చెప్తాడు."

"మీ తమ్ముడు చెప్పేదేముంది వదినా? ఆయన కంటికి అన్నీ బాగానే ఉంటాయి," అంది ఆర్డిస్. నవ్వుతూనే అంది.

మంచు పడ్డాక సభ పెట్టారు. ఆ సంబడం చూసి తీరాలి. కొత్త కప్పు వేయించానని వేసవంతా చెప్పుకు తిరిగిన పెద్దమనిషి, అదే కప్పు కారుతోందని ఒట్టు వేశాడు. ఒకావిడ మా ఇంట్లో ఎలుకలు అంది. ఎలుకలే కదా, మాకు గబ్బిలాలు అంది ఆమె పక్కావిడ. మేయరమ్మ తల పట్టుకుంది.

వెర్లిన్ లేచాడు. టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ఇంకేముంది, బాగానే ఉందంటాడు, కూర్చుంటాడు అనుకుంది ఆర్డిస్.

"మా వంటింటి నేల వాలిపోయింది," అన్నాడు వెర్లిన్. "స్టవ్వు కాలి కింద మా ఆవిడ చర్చి కాగితం మడిచి పెట్టింది. లేకపోతే పాన్‌కేకులన్నీ ఒక పక్కకే జారిపోతాయి. ఎడమ సొరుగు మోకాలితో తంతేగానీ రాదు. అక్కడ ఆవిడ మోకాలు ఎప్పుడూ కమిలే ఉంటుంది. జనవరిలో ఉత్తరం కిటికీలోంచి మంచు సింకులో రాలుతుంది. నా వేట కోటు వేసుకుని గిన్నెలు కడుగుతుంది. నా కారు చప్పుడు వినగానే విప్పి కొక్కేనికి తగిలించేస్తుంది. నాకు తెలీదనుకుంటుంది."

టోపీ రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"కోటంతా ఉల్లిపాయ వాసన. మూడేళ్ళయింది, ఒక్క జింక కూడా నా దరిదాపులకి రాలేదు."

సభంతా గొల్లుమంది. ఆర్డిస్ మాత్రం నవ్వలేదు. చేతిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పరువు పోయినందుకు ఏడుస్తోందని పక్కన లవోన్ వీపు నిమిరింది. అందుకు కాదు... తన మోకాలు కమిలిన సంగతి ఈ భూమ్మీద ఇంకొకరికి తెలుసు!

రోడ్డు ఎలాగూ వేస్తామన్నారు. మూల ఇంటికి మాత్రం ఒక పక్కే కొలుస్తామని మేయరమ్మ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. గబ్బిలాలావిడకి ఏమీ తగ్గలేదు.

మర్నాడు పొద్దున గిన్నెలు కడుగుతూ ఆర్డిస్ వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అన్నీ తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"అడిగాను కదా. ప్రతిసారీ వద్దన్నావు."

"రెండోసారి వద్దనే అంటారు. ఆ మాత్రం మీ అమ్మ నేర్పలేదా?"

"మూడోసారి అడిగితే నస అనుకుంటావని..." వెర్లిన్ మెడ గోక్కున్నాడు. "పోనీ, ఇప్పుడు వంటిల్లు బాగుచేయించనా?"

"ఇప్పుడెందుకులే."

"నిజంగానే వద్దా?"

"నీకెందుకు శ్రమ," అనేసింది ఆర్డిస్. అనేసి నాలిక కరుచుకుంది. నలభై ఏళ్ళ అలవాటు, ఏం చేస్తుంది?

వెర్లిన్ పేపరు తీసుకున్నాడు. కిటికీలోంచి చలి కోసుకుంటూ వచ్చింది. ఆర్డిస్ కొక్కేనికున్న వేట కోటు అందుకుని తొడుక్కుని మళ్ళీ సింకు దగ్గర నిలబడింది. కుళాయి మీద చెయ్యి వేసింది. వెనకాల పేపరు మడిచిన చప్పుడైంది.

"ఆర్డిస్, వంటిల్లు బాగుచేయించనా?"

ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. సబ్బు నురగ చేతులతోనే తుడుచుకుంది.

"నువ్వంతగా అంటే... సరే," అంది.

ఆ తర్వాత కోటు విప్పి, అతను చూస్తుండగానే కొక్కేనికి తగిలించింది.